లిథియం పాలిమర్ సెల్‌లో ఏ ఎలక్ట్రోడ్ అలసిపోతోంది? సైకిల్ పరీక్షను నడిపి, చదివే పద్ధతి

ఒక లిథియం పాలిమర్ సెల్ 500 సైకిళ్ల (ఒక ఛార్జి, ఒక డిశ్చార్జి కలిస్తే ఒక సైకిల్) తర్వాత తొలి సామర్థ్యంలో 80 శాతం నిలుపుకొన్నదని చెబితే దాని గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. ఆ తగ్గిన 20 శాతం లిథియం ఎక్కడో చిక్కుకుపోవడం వల్ల తగ్గిందా, ఎలక్ట్రోడ్‌లోని పదార్థమే కొంత పనికిరాకుండా పోవడం వల్ల తగ్గిందా, లేక రెండూ భద్రంగానే ఉండి లోపలి నిరోధం పెరగడం వల్ల తగ్గినట్టు కనిపిస్తోందా అన్నది ఆ ఒక్క అంకె చెప్పలేదు. ఈ మూడింటికీ కారణాలు వేరు, నివారణలూ వేరు. సెల్‌ను కోయకుండా, వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రత, కాలం అనే నాలుగు కొలతలతోనే వాటిని విడదీసి చూడడం చాలావరకు సాధ్యం. అయితే ఆ వివరం పరీక్ష ముగిశాక వెతికితే దొరకదు. పరీక్షను రూపొందించేటప్పుడే దానికి చోటు పెట్టుకోవాలి.

చేతిలో ఉన్నది ఏ రకం?

‘పాలిమర్ బ్యాటరీ’ అన్న మాట రెండు వేర్వేరు వస్తువులకు వాడుకలో ఉంది. పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్ క్షారలోహ లవణాలతో సంక్లిష్టాలను ఏర్పరుస్తుందని పీటర్ రైట్ బృందం 1973లో ప్రకటించింది. ఆ పదార్థాన్ని బ్యాటరీలో ఎలక్ట్రోలైట్‌గా వాడవచ్చని 1978లో మిషెల్ అర్మాన్ ప్రతిపాదించారు. ద్రవం లేని ఈ అసలైన పాలిమర్ ఎలక్ట్రోలైట్ మామూలు గది ఉష్ణోగ్రత వద్ద చాలావరకు స్ఫటిక రూపంలో ఉండి లిథియం అయాన్లను కదలనివ్వదు. దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దాటి మెత్తబడ్డాకే అది పనికివచ్చేంత వాహకత చూపుతుంది. 2011లో పారిస్‌లో మొదలైన ఆటోలిబ్ అద్దె కార్లలో ఇటువంటి బ్యాటరీలే ఉండేవి. వాటిని వేడిగా ఉంచవలసి రావడం ఆ సాంకేతికతకు తోడుగా వచ్చిన భారం.

ఫోన్లలో, డ్రోన్లలో కనిపించే మెత్తని పలుచని సెల్ ఇందుకు భిన్నమైనది. 1990లలో అమెరికాలోని బెల్‌కోర్ అనే టెలికాం పరిశోధన సంస్థ పరిశోధకులు పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్ తరగతికి చెందిన సహపాలిమర్‌లో ద్రవ ఎలక్ట్రోలైట్‌ను ఇమిడ్చి చేసిన జెల్ సెల్ ఈ కోవకు దారి చూపింది. నేడు ‘లి-పో’ పేరుతో అమ్ముడయ్యే వాటిలో అధికభాగం జెల్ గానీ, అల్యూమినియం రేకు సంచిలో మూసిన మామూలు ద్రవ ఎలక్ట్రోలైట్ గానీ ఉన్నవే. ఈ తేడాను మొదటే తేల్చుకోవాలి, ఎందుకంటే జెల్ సెల్‌ను 25 డిగ్రీల వద్ద పరీక్షించడం సహజం, ద్రవరహిత పాలిమర్ సెల్‌ను 60 నుంచి 80 డిగ్రీల మధ్య పరీక్షించడం సహజం. ఒకదాని షరతులను రెండోదానికి పెడితే వచ్చే అంకెలు ఎలక్ట్రోడ్ల గురించి ఏమీ చెప్పవు. గరిష్ఠ వోల్టేజి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పాలీఇథిలీన్ ఆక్సైడ్ 4 వోల్టుల చుట్టుపక్కల నుంచి ఆక్సీకరణకు లోనవుతుంది కాబట్టి దానికి జతగా సాధారణంగా 3.4 వోల్టుల వద్ద పనిచేసే లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను ఎంచుకుంటారు.

రెండు ఎలక్ట్రోడ్ల స్వభావం

ఛార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు ధన ఎలక్ట్రోడ్‌ను విడిచి రుణ ఎలక్ట్రోడ్‌లోకి చేరుతాయి, డిశ్చార్జిలో వెనక్కి వస్తాయి. ఆనోడ్, కాథోడ్ అనే పేర్లు ఈ రెండు దశల్లో సూత్రరీత్యా తారుమారవుతాయి కాబట్టి ఇక్కడ ధన, రుణ అనే మాటలనే వాడుతున్నాను.

రుణ ఎలక్ట్రోడ్‌లో సాధారణంగా ఉండేది గ్రాఫైట్. ఆరు కార్బన్ పరమాణువులకు ఒక లిథియం చొప్పున నిండితే గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్-గంటలు వస్తాయి. ఈ నిండడం ఒక్కసారిగా కాక మెట్లుమెట్లుగా జరుగుతుంది. సగం నిండిన స్థితి, అంటే పన్నెండు కార్బన్లకు ఒక లిథియం ఉన్న స్థితి, వోల్టేజి వక్రంలో స్పష్టమైన గుర్తు వదులుతుంది. ఆ గుర్తే తర్వాత మనకు కొలబద్ద అవుతుంది. గ్రాఫైట్ పనిచేసే పొటెన్షియల్ లిథియం లోహంతో పోలిస్తే 0.2 వోల్టుల కన్నా తక్కువ, చివరి మెట్టు 0.1 వోల్టు కన్నా తక్కువ. అంటే ఛార్జింగ్ కరెంటు ఎక్కువైనా, సెల్ చల్లబడినా పొటెన్షియల్ సున్నా కిందికి జారి, లిథియం గ్రాఫైట్ పొరల్లోకి వెళ్లడానికి బదులు దాని ఉపరితలం మీద లోహంగా పేరుకోవడానికి పెద్ద దూరం లేదు. సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయవద్దనే హెచ్చరికకు మూలం ఇదే.

ఇంత తక్కువ పొటెన్షియల్ వద్ద ఎలక్ట్రోలైట్ కూడా స్థిరంగా ఉండదు. మొదటి ఛార్జిలోనే అది కొంత క్షయకరణం చెంది గ్రాఫైట్ మీద పలుచని పొరగా పేరుకుంటుంది. ఎస్ఈఐ అని పిలిచే ఈ పొర ఎలక్ట్రాన్లను ఆపి అయాన్లను పోనిస్తుంది. అది లేకపోతే సెల్ బతకదు. ఉన్నందుకు మాత్రం లిథియంను మూల్యంగా తీసుకుంటుంది, పైగా ప్రతి సైకిల్‌లో గ్రాఫైట్ సుమారు 10 శాతం వ్యాకోచించి ముడుచుకునేటప్పుడు ఆ పొర అక్కడక్కడ పగిలి, తనను తాను అతుక్కోవడానికి మరికొంత లిథియంను ఖర్చు చేస్తుంది.

ధన ఎలక్ట్రోడ్‌లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఉంటే, దాని సైద్ధాంతిక సామర్థ్యం గ్రాముకు 274 మిల్లీ ఆంపియర్-గంటలైనా 4.2 వోల్టుల పరిమితిలో వాడుకోగలిగేది సుమారు 140 మాత్రమే. మిగతా సగాన్ని బయటికి లాగబోతే స్ఫటిక నిర్మాణం దెబ్బతింటుంది, కోబాల్ట్ ఎలక్ట్రోలైట్‌లోకి కరుగుతుంది. కొత్త రకాల సెల్‌లు 4.35 వోల్టుల వరకు అనుమతిస్తాయి గాని, తయారీదారు పత్రంలో ఆ మాట లేనప్పుడు 4.2 దాటకూడదు.

పరికరాలు, అమరిక

సెల్‌కు నాలుగు తీగలు కలపాలి. రెండు కరెంటును మోయడానికి, మరో రెండు వోల్టేజిని కొలవడానికి. క్లిప్పు పట్టిన చోట 20 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఉంటే 1 ఆంపియర్ కరెంటుకు 20 మిల్లీ వోల్టులు అక్కడే పోతాయి, రెండు తీగల పద్ధతిలో ఆ నష్టం సెల్ ఖాతాలో పడుతుంది. వోల్టేజి తీగలను వీలైనంతవరకు సెల్ పట్టీలకే నేరుగా తగిలించాలి.

ఉష్ణోగ్రతను ఎంచుకున్న విలువకు ఒక డిగ్రీ అటూఇటుగా నిలపాలి. పగటికీ రాత్రికీ మధ్య తేడా ఉన్న గదిలో పెట్టిన సెల్ సామర్థ్యం గ్రాఫు మీద అలలు అలలుగా కదులుతుంది. ఆ అలలను రసాయన విశేషంగా భ్రమించి వ్యాఖ్యానం రాసినవారు తక్కువేమీ కాదు. ఉష్ణోగ్రత సెన్సర్‌ను సెల్ మధ్యభాగానికి అంటించాలి, గాలిలో వేలాడదీయకూడదు.

సంచి రూపంలోని సెల్‌కు గట్టి కవచం ఉండదు కాబట్టి ఎలక్ట్రోడ్ పొరలను దగ్గరగా పట్టి ఉంచే ఒత్తిడిని మనమే ఇవ్వాలి. రెండు చదునైన పలకల మధ్య, అంతటా సమానంగా, తేలికగా బిగిస్తే చాలు. అన్ని సెల్‌లకూ ఒకే ఒత్తిడి ఉండడం దాని పరిమాణం కన్నా ముఖ్యం. ద్రవరహిత పాలిమర్ సెల్‌లో ఈ విషయం మరింత కీలకం: ఖాళీలు ఏర్పడితే వాటిలోకి పారి నింపే ద్రవం అక్కడ లేదు. ఒకే సెల్‌తో తీర్మానానికి రాకూడదు. కనీసం మూడింటిని ఒకే షరతులతో నడపాలి.

భద్రత విషయంలో రాజీ ఉండకూడదు. మండే వస్తువులు లేని చోట, గాలి ఆడే గదిలో, మంటకు చెక్కుచెదరని పలక మీద పరీక్ష నడపాలి. ఉష్ణోగ్రత, గరిష్ఠ వోల్టేజి, కనిష్ఠ వోల్టేజి దాటితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు పరికరంలో ఉండాలి. ఉబ్బిన సెల్‌ను వెంటనే పరీక్ష నుంచి తప్పించాలి. దాన్ని నొక్కి గాలి తీయడం, గుచ్చడం ప్రాణాపాయం. చాలాకాలం పూర్తిగా ఖాళీగా పడి ఉన్న సెల్‌ను మళ్లీ ఛార్జి చేయడానికి ప్రయత్నించవద్దు. వోల్టేజి మరీ పడిపోయినప్పుడు రుణ ఎలక్ట్రోడ్ కింది రాగి రేకు కరిగి, తర్వాత ఛార్జిలో అనుకోని చోట పేరుకుని లోపలే షార్ట్ సర్క్యూట్ చేయగలదు.

పరీక్ష క్రమం

ఉదాహరణకు 1000 మిల్లీ ఆంపియర్-గంటల సెల్‌ను తీసుకుందాం. దానిని ఒక గంటలో ఖాళీ చేసే 1 ఆంపియర్ కరెంటును 1 సి రేటు అంటాం, 0.05 సి అంటే 50 మిల్లీ ఆంపియర్లు.

మొదట 0.1 సి వద్ద రెండు మూడు సైకిళ్లు నడపాలి. సొంతంగా తయారుచేసిన సెల్ అయితే ఎస్ఈఐ పొర ఏర్పడేది ఇప్పుడే, తొలి ఛార్జికీ తొలి డిశ్చార్జికీ మధ్య గణనీయమైన తేడా కనిపించడమూ ఇప్పుడే. కొన్న సెల్‌కు ఈ తంతు కర్మాగారంలోనే ముగిసి ఉంటుంది కాబట్టి ఆ తేడా కనిపించదు.

తర్వాత ఆధార పరీక్ష చేయాలి. 0.05 సి వద్ద పూర్తిగా ఒక ఛార్జి, ఒక డిశ్చార్జి జరిపి, వోల్టేజి ప్రతి 2 నుంచి 5 మిల్లీ వోల్టులు మారినప్పుడల్లా విలువ నమోదయ్యేలా పరికరాన్ని అమర్చాలి. ఇందుకు దాదాపు రెండు రోజులు పడుతుంది, ఆ సమయం వృథా అనిపిస్తుంది కూడా. నా దృష్టిలో మొత్తం పరీక్షలో దీనికి మించి విలువైన సమయం లేదు. దీని తర్వాత సెల్‌ను సగం ఛార్జికి తెచ్చి, ఒక గంట విశ్రాంతి ఇచ్చి, 1 ఆంపియర్ కరెంటుతో 10 సెకన్ల పాటు డిశ్చార్జి చేసి వోల్టేజి ఎంత పడిందో చూడాలి. 3.80 నుంచి 3.74 వోల్టులకు పడిందనుకుంటే 0.06ను 1తో భాగించగా నిరోధం 60 మిల్లీ ఓమ్‌లు.

ఇక అసలు సైకిళ్లు. 0.5 సి స్థిర కరెంటుతో 4.2 వోల్టుల దాకా ఛార్జి చేసి, అదే వోల్టేజి వద్ద నిలిపి, కరెంటు 0.05 సికి తగ్గాక ఆపాలి. పది నిమిషాల విశ్రాంతి తర్వాత 1 సి వద్ద 3.0 వోల్టుల వరకు డిశ్చార్జి చేసి మళ్లీ పది నిమిషాలు వదలాలి. ప్రతి 50 సైకిళ్లకు ఒకసారి పైన చెప్పిన ఆధార పరీక్షను యథాతథంగా మళ్లీ జరపాలి. చాలామంది విడిచిపెట్టేది ఈ చివరి అంశాన్నే.

ఫలితాలను చదవడం

మొట్టమొదట రెండు సామర్థ్యాలను పక్కపక్కన గీయాలి: 1 సి వద్ద వచ్చినది, 0.05 సి వద్ద వచ్చినది. వేగవంతమైన డిశ్చార్జిలో 80 శాతానికి పడిపోయిన సెల్ నెమ్మది డిశ్చార్జిలో 95 శాతం ఇస్తే లిథియం పెద్దగా ఎక్కడికీ పోలేదు, ఎలక్ట్రోడ్లూ అధికభాగం క్షేమంగానే ఉన్నాయి; పెరిగినది నిరోధం. 60 మిల్లీ ఓమ్‌లు 110 అయితే 1 ఆంపియర్ వద్ద వోల్టేజి మరో 50 మిల్లీ వోల్టులు కిందికి దిగి, లోపల ఇంకా లిథియం మిగిలి ఉండగానే 3.0 వోల్టుల గీత వచ్చేస్తుంది. రెండు సామర్థ్యాలూ కలిసి దిగితేనే అది నిజమైన నష్టం.

ఆ నిజమైన నష్టం ఎక్కడిదో చెప్పేది నెమ్మది డిశ్చార్జి వక్రం. సామర్థ్యంలో స్వల్ప మార్పుకు వోల్టేజి ఎంత మారిందో లెక్కించి, ఆ నిష్పత్తిని సామర్థ్యానికి ఎదురుగా గీస్తే గ్రాఫైట్ సగం నిండిన స్థితి వద్ద ఒక శిఖరం కనిపిస్తుంది. డిశ్చార్జి చివరన సెల్ ఆగిపోవడానికి కారణం గ్రాఫైట్ ఖాళీ కావడమే అయినప్పుడు, ఆ శిఖరం నుంచి డిశ్చార్జి ముగింపు వరకు ఉన్న దూరం గ్రాఫైట్ సామర్థ్యంలో సుమారు సగానికి సమానం. 50, 100, 150 సైకిళ్ల వక్రాలను డిశ్చార్జి ముగింపు బిందువు వద్ద ఒకదానిమీద ఒకటి ఉంచి చూడాలి. ఆ దూరం మారకుండా, శిఖరానికి అవతల పూర్తి ఛార్జి వైపు ఉన్న భాగం మాత్రమే కురచబడుతుంటే గ్రాఫైట్ బాగానే ఉంది. తిరుగాడే లిథియం తరిగిపోతోంది, ఎస్ఈఐ పొర పెరుగుదలే దానికి సాధారణ కారణం. డిశ్చార్జి వైపు దూరమే తగ్గుతుంటే గ్రాఫైట్ కణాలు కొన్ని ఎలక్ట్రోడ్‌తో విద్యుత్ సంబంధం కోల్పోయాయని అర్థం. ధన ఎలక్ట్రోడ్ గుర్తులు మసకబారి పరస్పర దూరం తగ్గుతూ, గ్రాఫైట్ గుర్తు స్థిరంగా ఉంటే వేలు ధన ఎలక్ట్రోడ్ వైపు చూపుతుంది.

వక్రంలో శబ్దం, అంటే కొలతల్లోని అర్థంలేని చిన్న ఒడిదుడుకులు, ఎక్కువైతే కొంత సున్నితీకరించక (నునుపు చేయక) తప్పదు, కానీ ఎక్కువగా సున్నితీకరిస్తే శిఖరమే అరిగిపోతుంది. అన్ని సైకిళ్లకూ ఒకే మోతాదులో చేయడం నియమంగా పెట్టుకోవాలి.

డిశ్చార్జి సామర్థ్యాన్ని అంతకుముందటి ఛార్జి సామర్థ్యంతో భాగిస్తే కూలంబిక్ దక్షత వస్తుంది. ఇది చూడడానికి ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది. 99.9 శాతం అంటే అద్భుతమనిపిస్తుంది గాని, లిథియం నిల్వ పరిమితంగా ఉన్న సెల్‌లో ప్రతి సైకిల్‌కు వెయ్యోవంతు పోతే 500 సైకిళ్లకు మిగిలేది 61 శాతమే. 99.99 శాతమైతే 95 శాతం మిగులుతుంది. 500 సైకిళ్లకు 80 శాతం నిలవాలంటే సగటు దక్షత సుమారు 99.955 ఉండాలి. మామూలు పరికరాల కరెంటు కొలతలోని పొరపాటే ఈ తేడాలకు సమానంగా ఉంటుంది; కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం అత్యంత కచ్చితమైన కూలోమెట్రీ (విద్యుదావేశాన్ని కొలిచే) పరికరాలను ప్రత్యేకంగా నిర్మించుకున్నది ఇందుకే. అటువంటి పరికరం లేనివారు దక్షత విలువను నమ్మడం కన్నా దాని నడకను గమనించడం మేలు: నిలకడగా ఉన్నది ఒక్కసారిగా దిగితే ఏదో జరిగిందని అర్థం.

ఏం జరిగి ఉండవచ్చో వోల్టేజి వక్రం సూచిస్తుంది. ఛార్జి ముగిసిన వెంటనే మొదలుపెట్టిన డిశ్చార్జిలో, ఎగువ వోల్టేజి వద్ద మునుపు లేని చిన్న మెట్టు కనిపిస్తే గ్రాఫైట్ మీద పేరుకున్న లిథియం లోహం ముందుగా కరుగుతోందని అనుమానించాలి. ఛార్జి కరెంటును తగ్గించి లేదా ఉష్ణోగ్రతను పెంచి ఆ మెట్టు పోతుందేమో చూడాలి. సెల్ ఇచ్చేదానికన్నా చాలా ఎక్కువ తీసుకుంటూ, ఛార్జి ఎంతకూ ముగియక, వోల్టేజి సన్నగా వణుకుతుంటే అది లోపల ఏర్పడిన సన్నని షార్ట్. ఆ సెల్‌ను ఆపివేయాలి. సామర్థ్యం వందల సైకిళ్ల పాటు మెల్లగా తగ్గుతూ వచ్చి హఠాత్తుగా కూలితే, అదే కాలంలో నిరోధం, సెల్ మందం ఎలా మారాయో కలిపి చూడాలి. లోహం పేరుకోవడం, ఎలక్ట్రోలైట్ తరిగిపోవడం అందుకు తరచూ కనిపించే కారణాలు.

లిథియం లోహంతో ద్రవరహిత పాలిమర్ సెల్ అయితే

ఇక్కడ లెక్కలు కొంత మారతాయి. లిథియం లోహం సామర్థ్యం గ్రాముకు 3860 మిల్లీ ఆంపియర్-గంటలు. లోహాన్ని అవసరానికి మించి మందంగా పెడితే, ప్రతి సైకిల్‌లో కొంత నాశనమవుతున్నా వెనకాల నిల్వ ఉంటుంది కాబట్టి సామర్థ్య గ్రాఫు చదునుగా సాగుతుంది. ఆ చదునును చూసి దీర్ఘాయువని ప్రకటించడం తొందరపాటు. లోహం మందం ఎంతో, ధన ఎలక్ట్రోడ్ కన్నా ఎన్ని రెట్లు ఎక్కువో చెప్పని సైకిల్ గ్రాఫుకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

పాలీఇథిలీన్ ఆక్సైడ్‌లో కరెంటును మోసే అయాన్లలో లిథియం వాటా సుమారు ఐదోవంతు. మిగతాది రుణ అయాన్ల కదలిక. ఫలితంగా కరెంటు పారేకొద్దీ లవణం ఒక వైపు పేరుకుని మరోవైపు పలుచబడుతుంది. రేటు ఒక హద్దు దాటగానే సామర్థ్యం మెల్లగా కాక నిట్టనిలువుగా పడిపోవడానికి ఇదే కారణం, ధన ఎలక్ట్రోడ్ మందంగా ఉన్నకొద్దీ ఆ హద్దు దగ్గరవుతుంది. కాబట్టి ఈ సెల్‌కు సైకిల్ రేటును నిర్ణయించే ముందు 0.05, 0.1, 0.2, 0.5 సి రేట్ల వద్ద వరుసగా డిశ్చార్జి చేసి, ఆ పతనం ఎక్కడ మొదలవుతుందో కనుక్కొని, దానికి బాగా ఇవతల నిలవాలి. లేకపోతే ఎలక్ట్రోడ్ ముదిమి అనుకుని కొలిచేది ఎలక్ట్రోలైట్ ఇరుకునే.

రెండు వైపులా లిథియం లోహమే పెట్టి చేసే సమరూప సెల్ పరీక్షలో మరో ఉచ్చు ఉంది. వోల్టేజి కాలక్రమంలో తగ్గుతూ పోతే ఉపరితలం మెరుగుపడుతోందని సంతోషించే అవకాశం ఉంది గాని, డెండ్రైట్ (సూదిలా పెరిగే లిథియం లోహపు మొలక) ఒకటి పాలిమర్‌ను దాటి రెండు వైపులనూ కలిపినా వోల్టేజి అలాగే తగ్గుతుంది. పరీక్షను కాసేపు ఆపి నిరోధాన్ని విడిగా కొలిస్తే నిజం బయటపడుతుంది.

అర్ధ సెల్, మూడో ఎలక్ట్రోడ్

ఒక్క ఎలక్ట్రోడ్‌నే పరిశీలించాలనుకున్నప్పుడు దానికి ఎదురుగా లిథియం లోహం పెట్టి అర్ధ సెల్ చేస్తారు. పదార్థం సామర్థ్యాన్ని, పనిచేసే పొటెన్షియల్‌ను తెలుసుకోవడానికి అది మంచి మార్గమే. ఆయుష్షు విషయంలో మాత్రం అది రెండు రకాలుగా తప్పుదోవ పట్టిస్తుంది. లోహం వైపు నుంచి లిథియం సరఫరా తరగదు కాబట్టి పూర్తి సెల్‌లో ప్రాణాంతకమయ్యే లిథియం నష్టం ఇక్కడ కనిపించదు. మరోవైపు లోహపు ఉపరితల నిరోధం పెరిగితే, ఆ తప్పు పరీక్షిస్తున్న ఎలక్ట్రోడ్ మీద పడుతుంది. అందువల్ల అర్ధ సెల్ ఫలితాన్ని పూర్తి సెల్ వక్రాన్ని అర్థం చేసుకోవడానికి నమూనాగా వాడాలే తప్ప ఆయుష్షుకు రుజువుగా చూపకూడదు. తయారీ మన చేతిలోనే ఉంటే పూర్తి సెల్‌లోకే సన్నని మూడో ఎలక్ట్రోడ్‌ను చొప్పించడం ఉత్తమం. అప్పుడు ధన, రుణ పొటెన్షియల్‌లు వేర్వేరుగా నమోదవుతాయి, గ్రాఫైట్ సున్నా వోల్టుకు ఎంత దగ్గరగా వెళ్తోందో నేరుగా కనిపిస్తుంది. ఆ మూడో ఎలక్ట్రోడ్ అయాన్ల దారికి అడ్డుపడేంత వెడల్పుగా ఉండకూడదు.

పరీక్ష మధ్యలో కొంతకాలం ఆపవలసి వస్తే సెల్‌ను పూర్తి ఛార్జిలో గానీ ఖాళీగా గానీ వదలకుండా 3.8 వోల్టుల దగ్గర, చల్లని చోట ఉంచాలి. తిరిగి మొదలుపెట్టిన వెంటనే ఒక ఆధార పరీక్ష జరిపి, విరామంలో పోయినదాన్ని సైకిళ్ల వల్ల పోయినదాని నుంచి వేరుచేసి రాసుకోవాలి. చివరగా సెల్‌ను విప్పి ఎలక్ట్రోడ్లను కంటితో చూడాలనుకుంటే, దాన్ని 3.0 వోల్టుల దాకా నెమ్మదిగా డిశ్చార్జి చేసి, ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సులో (బయటి గాలి చొరబడకుండా, అమర్చిన చేతి తొడుగుల ద్వారా పనిచేసే మూసిన పెట్టెలో), అందులో శిక్షణ పొందినవారే తెరవాలి. ఆ వసతి లేని చోట వక్రాలు చెప్పిన దానితోనే ఆగిపోవాలి.